తలుపులో చిన్న తలుపు

తెల్లవారుజాము మూడున్నర. రాజమహేంద్రవరం దానవాయిపేటలో ఓ పాత డాబా ఇల్లు. పెరటి తలుపు అవతలి నుంచి ‘మ్యావ్’ అని ఒక కేక. ఎవరూ పలకకపోతే ఇంకోటి. అప్పటికీ చలనం లేకపోతే చెక్క మీద గోళ్ల చప్పుడు మొదలవుతుంది.

ఆ ఇంట్లో నిద్రపోయే మనిషి ఒక్కరే. అరవై ఎనిమిదేళ్ల రిటైర్డ్ సైన్సు టీచరు. మోకాళ్లు మాట వినవు. మంచం పట్టె పట్టుకుని లేచి, లైటు వేసి, వంటిల్లు దాటి, పై గడియ తీసి, కింద గడియ కోసం వంగి... ఇంత అవస్థపడి తలుపు తీస్తే మిరియం వెంటనే లోపలికి వస్తుందా? రాదు. గడప మీద కూర్చుని ఆలోచిస్తుంది. పిల్లిని పెంచినవాళ్లకి ఆ ఆలోచన ఎంతసేపు సాగుతుందో చెప్పక్కర్లేదు.

2023 నవంబరులో అలాంటి ఓ రాత్రే ఆవిడ గడప దగ్గర జారి పడ్డారు. ఎడమచెయ్యి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు కబురు తెలియగానే దొరికిన రైలెక్కి వచ్చేశాడు. వచ్చిన రోజున ఏమీ అనలేదు. మర్నాడు కాఫీ తాగుతూ మొదలుపెట్టాడు.

‘‘ఆ పిల్లిని ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా. నువ్వు మాతో వచ్చెయ్. ఒక్కదానివీ ఇక్కడెందుకు?’’

ఆవిడ దేనికీ జవాబు చెప్పలేదు. కట్టు లేని చేత్తో పిల్లి గిన్నెలో పెరుగన్నం కలుపుతూ ఉండిపోయారు.

నిజానికి మిరియం ఆవిడ పిల్లి కాదు. భర్త తెచ్చిన పిల్లి. 2019 వానాకాలంలో కరెంటు మీటరు కింద తడిసి ముద్దయి కనిపించిన పిల్లకూనని తువ్వాల్లో చుట్టి లోపలికి తెచ్చారాయన. నల్లటి ఒంటి మీద అక్కడక్కడా బూడిదరంగు. అందుకే మిరియం. ‘ఇంట్లో పిల్లేమిటండీ’ అని నెల రోజులు గొణిగిన ఆవిడే తర్వాత దాని పాలు చల్లారాయో లేదో వేలు పెట్టి చూడటం మొదలుపెట్టారు. ఆయన ఉన్నన్నాళ్లూ తలుపు సమస్యే లేదు. వంటింటి వెంటిలేటర్‌లో ఓ గాజుపలక తీసేసి, దాని కింద అటక మీది పాత బల్ల ఒకటి వేశారు. అంతే, మిరియం రాకపోకలు ఎవరికీ తెలిసేవి కావు.

2021లో ఆయన పోయారు. ఆ మరుసటి ఏడు వీధిలో నలుగురికి డెంగీ వచ్చింది. కొడుకు కంగారుపడి ఇంట్లో ప్రతి కిటికీకీ, వెంటిలేటర్‌కీ దోమల జాలీ కొట్టించాడు. పెరటి గుమ్మానికి జాలీ తలుపు కుదరక, పొద్దుగూకగానే చెక్క తలుపే వేసెయ్యమన్నాడు. ఆ జాలీ దోమల్ని ఎంత ఆపిందో తెలీదు కానీ మిరియాన్ని మాత్రం పూర్తిగా ఆపేసింది.

పాతకాలం పెంకుటిళ్లలో ఈ బాధ ఎక్కడిది? పెంకులకీ గోడకీ మధ్య సందు, దొడ్డి తలుపు కింద సందు, ఊచల కిటికీలు... ఇంటివాళ్లకి రెండు గుమ్మాలుంటే పిల్లికి పది. ఏడిళ్లు తిరిగే జీవానికి ఏ ఇల్లూ తలుపు వేసేది కాదు. ఇప్పుడు ఇళ్లు బిగుసుకున్నాయి. ఏసీ చల్లదనం పోకూడదు, దోమ రాకూడదు, దుమ్ము రాకూడదు. అందులో పిల్లి మాట ఎవరికి గుర్తుంటుంది?

గుర్తుపెట్టుకున్నది కోడలు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసింది. ‘‘అత్తయ్యా, పిల్లిని ఇవ్వొద్దు, మీరు లేవొద్దు. తలుపుకే చిన్న తలుపు పెట్టిద్దాం. క్యాట్ ఫ్లాప్ అంటారు. తలతో తోసుకుని అదే వస్తుంది, అదే పోతుంది.’’

టీచరుగారు నవ్వారు. ఎందుకంటే ఆవిడ ముప్పై ఏళ్లు క్లాసులో చెప్పిన కథ అదే. న్యూటన్ మహాశయుడు తన గది తలుపుకి రెండు కన్నాలు పెట్టించాడట. పెద్ద పిల్లికి పెద్దది, పిల్ల పిల్లికి చిన్నది! పెద్ద కన్నంలోంచి పిల్ల కూడా వెళ్తుందని అంత మేధావికీ తట్టలేదని చెబితే పిల్లలు పడీపడీ నవ్వేవారు. ఆ కథకి ఆధారం అంతంతమాత్రమే. తలుపుకి పిల్లి కన్నమైతే న్యూటన్ కంటే చాలా పాతది. పధ్నాలుగో శతాబ్దపు ఇంగ్లిషు కవి ఛాసర్ కథలో ఓ మనిషి పిల్లి దూరే కన్నంలోంచే గదిలోకి తొంగిచూస్తాడు. ఇంగ్లండులోని ఎక్సెటర్ కెథెడ్రల్‌లో పాత గడియారం కింద ఉన్న తలుపుకి ఇప్పటికీ గుండ్రటి కన్నం ఉంది. 1598లో అక్కడి బిషప్ విలియం కాటన్ పెట్టించాడంటారు. (గోదావరి జిల్లాలవాళ్లు పొరబడకూడదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర వేరు.) గడియారం యంత్రానికి రాసే కొవ్వు కోసం ఎలుకలు చేరేవి, వాటి కోసం పిల్లి. ఆ కెథెడ్రల్ పాత లెక్కల్లో పిల్లికి మూడు నెలలకి 13 పెన్నీల బత్తెం కూడా రాసి ఉంది. అంటే వారానికో పెన్నీ. మిరియానికి ఇంతవరకూ జీతం లేదు.

సరే, పెట్టిద్దాం. ఏది పెట్టించాలి?

ఆన్‌లైన్‌లో చూస్తే రకరకాలు. అన్నిటికంటే చవకైనది, పైన ఇరుసు ఉండి ఊగే ప్లాస్టిక్ రెక్క. దానికి అడుగున చిన్న అయస్కాంతం ఉంటుంది, గాలికి కొట్టుకోకుండా. ఇంకాస్త ఖర్చుపెడితే నాలుగు రకాలుగా బిగించుకునే మీట ఉన్నది వస్తుంది. రెండువైపులా తెరవొచ్చు, లోపలికి మాత్రమే రానివ్వొచ్చు, బయటికి మాత్రమే పోనివ్వొచ్చు, లేదా పూర్తిగా మూసెయ్యొచ్చు. ఆ పైది, పిల్లి మెడపట్టీకి అయస్కాంతం కట్టే రకం. ఆ అయస్కాంతం దగ్గరికొస్తేనే గడి తెరుచుకుంటుంది. ఊళ్లో పిల్లులన్నీ దూరవు. కానీ ఆ పట్టీ కట్టుకుని ఊరేగే పిల్లి దారిలో మేకులూ, పిన్నులూ మెడకి అంటించుకొస్తుంది. పైగా మామూలు పట్టీ ఏ కొమ్మకో తగులుకుంటే ప్రాణం మీదికే వస్తుంది. లాగితే దానంతట అది ఊడిపోయే పట్టీయే కట్టాలి.

అన్నిటికంటే ఖరీదైనది మైక్రోచిప్ రకం. పిల్లి భుజాల మధ్య చర్మం కింద బియ్యపు గింజంత చిప్ వేస్తారు. అందులో పదిహేను అంకెల నంబరు. తలుపు ఆ నంబరు చదివి, మన పిల్లి అయితేనే గడి వదులుతుంది. ‘ఆ గింజలో బ్యాటరీ ఎలా పడుతుంది?’ అని కొడుకు అడిగితే టీచరుగారు వెంటనే అందుకున్నారు. ‘‘బ్యాటరీ ఉండదురా. ట్రాన్స్‌ఫార్మర్ పాఠం గుర్తులేదూ? తలుపులోని తీగచుట్ట నుంచి అయస్కాంత క్షేత్రం వస్తుంది, దాన్నుంచే చిప్‌కి కరెంటు పుడుతుంది. బ్యాటరీ తలుపుకి కావాలి, పిల్లికి కాదు.’’ మణికట్టు విరిగిన తర్వాత ఆవిడ గొంతులో ఆ హుషారు వినడం అదే మొదటిసారి. కొడుకు ఆ రోజు హైదరాబాద్ మాట ఎత్తలేదు.

ఇంగ్లండులో 2024 జూన్ 10 నుంచి ఇరవై వారాల వయసు దాటేలోగా ప్రతి పెంపుడు పిల్లికీ చిప్ వేయించడం చట్టమైంది. అక్కడివాళ్లకి ఆ తలుపు కొంటే సరిపోతుంది. ఇక్కడ చిప్ వేయించాలి, తలుపు తెప్పించాలి, అది పాడైతే బాగుచేసేవాణ్ని వెతకాలి. అంత ఎందుకని, నాలుగు రకాలుగా బిగించే మీట ఉన్నదే ఖాయం చేశారు. చాలా ఇళ్లకి అదే నప్పుతుంది కూడా.

కొలత విషయంలో మాత్రం తొందర పనికిరాదు. పిల్లికి తల పట్టిన చోట ఒళ్లు పడుతుందంటారు. కొంత నిజమే. మనకి భుజాల్ని నిలబెట్టే జత్రుక ఎముక పిల్లిలో వేరే ఎముకకి అతుక్కోకుండా కండరాల్లోనే ఉంటుంది. అందుకే భుజాలు ముడుచుకుని ఇరుకు సందుల్లో జారిపోతుంది. అయితే పొట్టకి ఆ సదుపాయం లేదు! మిరియం పొట్టకి పెరుగన్నం బాగానే పట్టింది. కోడలు ఫోన్‌లో చెప్పినట్టు అట్టపెట్టెకి ఆరంగుళాల చదరపు కన్నం కోసి, అవతల గిన్నె పెట్టారు. మిరియం మీసాలతో అంచులు తడిమి చూసి, ఇబ్బంది లేకుండా దూరిపోయింది. ఆర్డరిచ్చేశారు. పద్దెనిమిది వందలైంది.

పెట్టె వచ్చాక అసలు పంచాయితీ మొదలైంది. ఎక్కడ పెట్టాలి? వీధి తలుపు టేకుది. ఆయన సొంతూరి చెట్టు కొట్టించి చేయించిన తలుపు. దాని మీద రంపం పెట్టడమనే మాటే ఉండకూడదన్నారు టీచరుగారు. గోడకి పెడదామంటే అది తొమ్మిదంగుళాల గోడ, సొరంగంలా గొట్టం కావాలి. మిగిలింది పెరటి తలుపే. పక్కింటి పిన్నిగారు వాస్తు ఎత్తారు. ఎదురింటాయన పాములు ఎత్తాడు. ఇద్దరూ కలిసి దొంగల్ని ఎత్తారు.

వీళ్లందరికీ జవాబు చెప్పినవాడు వడ్రంగి మేస్త్రి. ముందు అతనూ తెల్లబోయాడు. ‘‘ఆయ్, నలభై ఏళ్లుగా కన్నాలు పూడ్చమని పిలిచినోళ్లే కానీ పెట్టమన్నోళ్లు లేరండీ’’ అన్నాడు. తర్వాత తలుపు ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. ‘‘పాము రావాలంటే మీ తలుపు కింద సందు ఇప్పుడే చాలండి. ముందు దానికి రబ్బరు పట్టీ కొట్టిస్తాను. దొంగ సంగతే చూడాలి. ఈ కన్నంలోంచి చెయ్యి పెడితే కింద గడియ అందేస్తాదండి.’’

నిజమే, అది ఎవరికీ తట్టలేదు. కింద గడియ పీకేసి, నడుము ఎత్తున తాళం వేసుకునే గడియ బిగించాడు. టీచరుగారికి ఇక వంగే పని తప్పింది. చిన్న తలుపు వల్ల పెద్ద తలుపూ బాగుపడింది.

కోత పని గంటన్నర. పెట్టెలో వచ్చిన కాగితపు నమూనాని తలుపుకి టేపుతో అంటించి, రసమట్టం పెట్టి వంకర లేకుండా చూసుకున్నాడు. పిల్లి కడుపు ఎత్తుకి కన్నం అడుగు అంచు రావాలి. నేల నుంచి సుమారు ఆరంగుళాలు. తలుపు చట్టం మీద కాకుండా కింది పలక మీదే గీత గీశాడు. చట్టం కోస్తే తలుపు బలం పోతుంది. నాలుగు మూలలా డ్రిల్లింగ్ మిషన్‌తో బెజ్జాలు వేసి, ఒక బెజ్జం నుంచి ఇంకో బెజ్జానికి రంపం నడిపించాడు. చెక్క ముక్క ఊడి వచ్చింది. అప్పటిదాకా మాట్లాడుతూ ఉన్న టీచరుగారు ఆ కన్నంలోంచి పెరటి వెలుతురు వంటింట్లో పడగానే మౌనమైపోయారు. వెంటిలేటర్ మూసేశాక ఆ మూలకి అంత వెలుతురు రావడం అదే.

కోసిన అంచులకి గరుకు కాగితం రుద్ది, వార్నిష్ పూశాడు. చాలామంది ఇది వదిలేస్తారు. పచ్చి అంచు వానకి నీళ్లు తాగి పలక ఉబ్బుతుంది, రెక్క ఇరుక్కుపోతుంది. మరలు కూడా బలం ఉంది కదా అని బిగించకూడదు. ప్లాస్టిక్ చట్రం వంకరపోతే రెక్క ఊగదు.

వెళ్తూ వెళ్తూ మేస్త్రి ఆ చెక్క ముక్కని చేతిలో పెట్టాడు. ‘‘పారెయ్యకండి టీచరుగారూ. రేపు ఎప్పుడైనా ఇది వద్దనుకుంటే మళ్లీ అతికించేస్తాను.’’ ‘ఎప్పుడైనా’ అంటే ఎప్పుడో ఆవిడకి తెలుసు. పిల్లి కలకాలం ఉండదు. ముక్కని తుడిచి బీరువాలో ఆయన కళ్లజోడు పక్కన పెట్టారు.

ఇంతా చేస్తే మిరియం ఆ రాత్రి కొత్త తలుపు ముందు కూర్చుని పాత కేకే పెట్టింది!

అయిదు రోజులు అదే వరస. బయట మెట్టు లోపలి నేల కంటే దిగువన ఉందని అప్పుడు తెలిసింది. లోపలి కొలత చూసి పెట్టిన కన్నం బయటి నుంచి మిరియం తల కంటే ఎత్తులో ఉంది. రెండు ఇటుకలు పేర్చి పైన నాపరాయి వేయించాక ఆ ఇబ్బంది తీరింది. రెక్కంటే భయం మాత్రం పోలేదు. పిల్లిని పట్టుకుని కన్నంలోంచి తోస్తే నేర్చుకుంటుందనుకుంటారు. అలా చేస్తే జన్మలో దాని దగ్గరికి రాదు. కోడలు చెప్పిన ఉపాయం వేరు. రెక్కని పైకెత్తి బట్టల క్లిప్పుతో కట్టేయాలి. కొన్నాళ్లు ఉత్తి కన్నంలోంచే తిరగనివ్వాలి. తర్వాత రోజుకి కాస్త చొప్పున రెక్క కిందికి దించాలి. ఇవతల గట్టి వాసన వచ్చే తిండి పెట్టాలి.

గట్టి వాసన వచ్చే తిండి! ఆ ఇంట్లో ఉల్లిపాయే గట్టి వాసన. పనమ్మాయి నవ్వుతూ వాళ్లింటి నుంచి ఎండు నెత్తళ్లు కాగితంలో చుట్టి తెచ్చింది. టీచరుగారు ముక్కుకి కొంగు అడ్డంపెట్టుకుని ‘గడప ఇవతల ఒక్కటే, ఒక్కటే పెట్టు’ అన్నారు. మూడో రోజుకి కొంగు అడ్డం లేదు. సైన్సు ప్రకారం పిల్లి మాంసాహారి, పెరుగన్నంతో దానికి పూర్తి పోషణ అందదని ఆవిడకి తెలియక కాదు. తెలిసీ నాలుగేళ్లు నెట్టుకొచ్చారు. రెక్క పుణ్యమా అని మిరియం పథ్యం ముగిసింది.

పన్నెండో రోజు రాత్రి ‘టప్’ అని చప్పుడు. రెక్క ఊగి అయస్కాంతానికి తగిలిన చప్పుడు. ఆవిడ మంచం మీదే లేచి కూర్చున్నారు. వంటింట్లో గిన్నె కదిలింది. కేక లేదు, గోళ్ల గీకుడు లేదు. పొద్దున్నే కొడుకుకి ఫోన్ చేసి చెప్పిన మాట ఒక్కటే, ‘‘వచ్చిందిరా.’’

కథ అక్కడితో అయిపోలేదు. వీధిలో ఓ గండుపిల్లి ఉంది. తెల్లది, చెవి చిరిగినది. వారం తిరక్కుండా దానికీ సంగతి తెలిసిపోయింది. గిన్నె ఖాళీ అవుతోంది, మిరియం మాత్రం ఆకలిగా తిరుగుతోంది. టీచరుగారు ఆలోచించి ఓ రాత్రి మీటని ‘లోపలికి మాత్రమే’ వైపు తిప్పారు. మిరియం వచ్చేస్తుంది, ఇక బయటికి పోదు కదా అని. పొద్దున లేచి చూస్తే వంటింట్లో రెండు పిల్లులు! ఒకటి ఫ్రిజ్ మీద, ఒకటి పొయ్యి గట్టు మీద. లోపలికి రానిచ్చే తలుపు ఎవర్నైనా రానిస్తుంది. బయటికి పోనివ్వనిదీ ఎవర్నీ పోనివ్వదు. పసుపు డబ్బా, మజ్జిగ గిన్నె, రెండు గాజు గ్లాసులు ఆ రాత్రి లెక్కలో పోయాయి.

చిప్ ఉన్న తలుపు తెప్పిస్తానన్నాడు కొడుకు. ఆవిడ ఒప్పుకోలేదు. రాత్రి గిన్నె తీసేసి పొద్దున, సాయంత్రం చేతి మీదుగా పెట్టడం మొదలుపెట్టారు. తినడానికేమీ లేని ఇంటికి గండుపిల్లి ఎందుకొస్తుంది? పది రోజుల్లో మానేసింది. ఆడపిల్లి కాబట్టి మిరియానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ముందే అయింది. బయట తిరిగి వచ్చే పిల్లికి ఏటా రేబిస్ టీకా తప్పనిసరి. ఎవరికి ఫ్లాప్ పెట్టాలనిపించినా ఈ రెండూ పూర్తయ్యాకే రంపం పట్టించాలి. వంటింటికీ హాలుకీ మధ్య తలుపు రాత్రిపూట వేసుకుంటే ఇంకా నిశ్చింత. బాగా వానలు పడి పురుగూ పుట్రా తిరిగే రోజుల్లో ఆవిడ మిరియం వచ్చేదాకా చూసి, మీట పూర్తిగా మూసేస్తారు.

మూడున్నర మాత్రం మారలేదు. పిల్లులు సంధ్యవేళల్లోనే చురుగ్గా ఉంటాయి. ఎలుకలు తిరిగేదీ అప్పుడే. మిరియం ఆ వేళకే వస్తుంది. ఆవిడకీ ఆ వేళకే మెలకువ వస్తుంది. ఆయన బతికున్నప్పుడు ఆ టైముకి లేచి, ఫిల్టర్‌లో కాఫీపొడి వేసుకునేవారు. ఆ చప్పుడికి అలవాటుపడిన ప్రాణం. ఇప్పుడు లేవరు. ‘టప్’ అని వినిపించేదాకా చీకట్లో పడుకుని ఉంటారు. తర్వాత మంచం కాళ్ల దగ్గర చిన్న బరువు వచ్చి పడుతుంది. హాలు తలుపు రాత్రి వేసుకోవాలన్న నియమం ఆవిడ ఒక్కరోజూ పాటించలేదని దీన్నిబట్టి తెలిసిపోతుంది.

2025 సంక్రాంతికి కొడుకూ, కోడలూ వచ్చారు. భోగి ముందురోజు రాత్రి రైలు ఆలస్యమై కొడుకుకి నిద్రపట్టలేదు. మూడున్నరకి వంటింట్లో చప్పుడైతే ఉలిక్కిపడి లేచాడు. లైటు వేయబోతుంటే గదిలోంచి అమ్మ గొంతు, ‘‘వెయ్యకురా. మిరియమే.’’

హైదరాబాద్ మాట ఆ మూడు రోజుల్లో ఒక్కసారి వచ్చింది, అదీ ఎండాకాలం ఓ నెల రోజులు ఉండి వెళ్లమని. ‘చూద్దాం’ అన్నారావిడ. పిల్లికి గిన్నె పెట్టడానికి పనమ్మాయి ఒప్పుకుంటే చూద్దామని.

కనుమ నాడు భోజనాల దగ్గర కోడలు వేడి సాంబారు గిన్నె తెచ్చి, కింద పెట్టడానికేమైనా ఉందా అని అడిగింది. ఆవిడ గట్టు మీదున్న చదరపు చెక్క ముక్కని చూపించారు. వార్నిష్ పూసిన ముక్క, మధ్యలో గిన్నె అడుగుల నల్లటి గుండ్రాలు నాలుగైదు.

‘‘ఇది తలుపు ముక్క కదూ అత్తయ్యా? దాచమన్నాడుగా మేస్త్రి?’’

‘‘దాచాను. బీరువాలో ఊరికే పడి ఉంది’’ అన్నారావిడ, అన్నంలో నెయ్యి వడ్డిస్తూ.